గిటార్ యాంప్‌లో ట్యూబులు జారిపోకుండా బిగించడం ఎలా?

ఫెండర్ డీలక్స్ రివర్బ్ లాంటి కాంబో యాంప్‌ను వెనకనుంచి చూస్తే ట్యూబులన్నీ (గిటార్ సిగ్నల్‌ను పెంచే గాజు గొట్టాలు) తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తాయి. అదే పెట్టెలో, వాటి కిందే 12 అంగుళాల స్పీకర్ ఉంటుంది. వాయించినంతసేపూ స్పీకర్ ట్యూబుల్ని కుదిపేస్తుంది, వాటి బరువు కిందికి లాగుతుంది. మార్షల్ హెడ్ (స్పీకర్ లేని విడి యాంప్ పెట్టె) లాంటి వాటిలో ట్యూబులు నిటారుగా నిలబడతాయి కాబట్టి జారే భయం తక్కువ. ప్రయాణంలో కుదుపులు మాత్రం వాటికీ తప్పవు.

పట్టు వదిలితే చిటపటలు, మధ్యలో ఆగిపోయే సౌండ్‌తో సరిపోతే అదృష్టమే. ఫిక్స్‌డ్ బయాస్ యాంప్‌లో, స్పీకర్‌ను నడిపే పవర్ ట్యూబు కరెంటును అదుపు చేసే వోల్టేజీ (దాన్నే బయాస్ అంటారు) గ్రిడ్ పిన్ను ద్వారా అందుతుంది; ఆ పిన్నుకు కాంటాక్ట్ పోయిందంటే బయాస్ అందదు. అప్పుడు కరెంటుకు అదుపు ఉండదు, లోపలి ప్లేటు ఎర్రగా కాలిపోతుంది. ఫ్యూజు పోవచ్చు, ఒక్కోసారి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది.

చాలామంది నేరుగా క్లిప్పులు కొనడానికి వెళ్తారు. నా మాట వింటే ముందు సాకెట్ చూడండి. క్లిప్పు ట్యూబు కింద పడకుండా ఆపుతుందే తప్ప, వదులైన కాంటాక్టును బాగుచెయ్యదు.

1. ప్లగ్ తీయండి, చల్లారనివ్వండి

స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ గోడ నుంచి తీసెయ్యాలి. పవర్ ట్యూబు గాజు చర్మం కాలేంత వేడిగా ఉంటుంది, కనీసం అరగంట ఆగండి.

షాసీ (సాకెట్లు, సర్క్యూట్ ఉండే లోహపు పెట్టె) బయటికి తీయాల్సి వస్తే ఇంకో ప్రమాదం ఉంది. ఈ యాంప్‌లలో 400 వోల్టులు దాటిన డీసీ నడుస్తుంది. ప్లగ్ తీశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో (విద్యుత్తును నిల్వ ఉంచే భాగాలు) అది మిగిలి ఉండొచ్చు, ప్రాణం తీయగలదు. అనుభవం ఉన్నవాళ్లు 10 కిలో ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్‌కు ఇన్సులేషన్ ఉన్న క్లిప్పు వైర్లు కట్టి, ఒక కొసను ముందుగా షాసీకి తగిలించి, రెండో కొసను కెపాసిటర్ ప్లస్‌కు ఒకే చేత్తో ఆనిస్తారు. ఆ తర్వాత ప్రతి కెపాసిటర్ దగ్గరా మల్టీమీటర్‌తో కొలిచి, దాదాపు సున్నాకు వచ్చిందని చూసుకున్నాకే చెయ్యి పెడతారు. ఈ పని ఎప్పుడూ చెయ్యకపోతే షాసీ జోలికి వెళ్లకండి. 2, 3, 5 దశలు టెక్నీషియన్‌కు అప్పగించి, మిగతావి మీరు చూసుకోండి.

2. ట్యూబు తీసి చూడండి

గాజును పట్టుకుని లాగొద్దు. 6వీ6, 6ఎల్6, ఈఎల్34 లాంటి పెద్ద పవర్ ట్యూబులకు కింద బేస్ ఉంటుంది. దాన్ని పట్టుకుని, కొద్దికొద్దిగా అటూ ఇటూ కదుపుతూ నేరుగా లాగండి.

బేస్ మధ్యలో సాకెట్ గాడిలో కూర్చునే గట్టు ఉన్న ఒక పొడుగు ముక్క ఉంటుంది. సాకెట్‌లో ట్యూబు ఒకే దిశలో కూర్చునేలా చూసేది అదే. అది విరిగిన ట్యూబును వాడకండి. తప్పు దిశలో దూరితే హైవోల్టేజీ వెళ్లకూడని పిన్నుకు వెళ్తుంది. గాజు లోపల వెండిలా మెరిసే మచ్చ పాలలా తెల్లబడిందా? లోపలికి గాలి చొరబడిందన్నమాట, ఆ ట్యూబు పనికిరాదు.

3. సాకెట్ పట్టు సరిచెయ్యండి

కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని మీటర్ చూపించాకే ఈ పని. సాకెట్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, ట్యూబును రెండు మూడుసార్లు పెట్టి తీయండి. పూర్తిగా ఆరనివ్వండి. అప్పటికీ వదులుగా ఉంటే, సన్నటి సూదిమొన పరికరంతో ఒక్కో రంధ్రంలోని లోహపు రేకును లోపలివైపు కొంచెం వంచండి. గట్టిగా వంచితే రేకు విరుగుతుంది. ఈ పెద్ద ట్యూబుల సాకెట్‌లో మూడో పిన్ను చుట్టూ నల్లగా కాలిన గీత కనిపిస్తే సాకెట్ మార్చాల్సిందే. ఆ పిన్ను ప్లేటుది, కాలిన దారిలో మళ్లీ స్పార్క్ వస్తుంది.

4. చిన్న ట్యూబులకు షీల్డులు

12ఏఎక్స్7 లాంటి ప్రీయాంప్ ట్యూబులకు (సిగ్నల్‌ను మొదట పెంచే చిన్న ట్యూబులు) అల్యూమినియం షీల్డులు వస్తాయి. లోపలి స్ప్రింగ్ ట్యూబును సాకెట్‌లోకి నొక్కి ఉంచుతుంది. నొక్కి తిప్పితే లాక్ అవుతుంది. గాజు మీద తొడిగే సిలికాన్ రింగులు కంపనాన్ని కాస్త తగ్గిస్తాయి, ట్యూబును మాత్రం పట్టి ఉంచవు.

పవర్ ట్యూబైన ఈఎల్84 కూడా వీటిలాగే తొమ్మిది పిన్నులదే. అలాగని దానికి ఈ షీల్డు తొడగకండి, వేడి బయటికి పోదు. పైనుంచి పట్టుకునే స్ప్రింగ్ తీగ క్లిప్పే దానికి సరైనది.

5. పెద్ద ట్యూబులకు క్లిప్పులు

వీటికి వాడేది బేర్ ట్రాప్ క్లిప్పు, పళ్లున్న రెండు రేకులు బేస్‌ను రెండువైపులా పట్టుకుంటాయి. సైజులు వేరువేరుగా ఉంటాయి కాబట్టి మీ ట్యూబు బేస్ వ్యాసం కొలుచుకుని కొనండి. సాకెట్‌ను షాసీకి బిగించిన రెండు స్క్రూలతోనే ఇదీ బిగుస్తుంది. నట్టు కింద పళ్ల వాషర్ వేస్తే కంపనానికి వదులవ్వదు. పళ్లు బేస్‌నే పట్టుకోవాలి, గాజుకు తగలకూడదు. రేకుల్ని వేళ్లతో విడదీసి, గాడి చూసుకుని, ట్యూబును నిటారుగా నొక్కండి.

ప్లాస్టిక్ టై, టేపు, జిగురు, మామూలు రబ్బరు బ్యాండు వద్దు. వేడికి కరుగుతాయి లేదా కాలుతాయి.

6. పరీక్షించండి

ముందు స్పీకర్ కనెక్ట్ చెయ్యండి, అది లేకుండా ఆన్ చెయ్యకూడదు. వాల్యూం తక్కువగా పెట్టి, చెక్క పెన్సిల్ వెనక కొసతో ఒక్కో ట్యూబునూ మెల్లగా తట్టండి. ప్రీయాంప్ ట్యూబు కొద్దిగా టక్‌మంటే కంగారు పడక్కర్లేదు. గంటలా మోగినా, చిటపటలాడినా ట్యూబో సాకెట్టో తేడాగా ఉన్నట్టే. ఓ పది నిమిషాలు పవర్ ట్యూబుల్ని గమనించండి. లోపలి ఫిలమెంట్ నారింజ రంగు వెలుగు మామూలే. బూడిదరంగు ప్లేటు ఎర్రబడితే వెంటనే ఆపెయ్యండి. కొత్త పవర్ ట్యూబులు వేసి ఉంటే, ఫిక్స్‌డ్ బయాస్ యాంప్‌కు బయాస్ కూడా టెక్నీషియన్‌కు చూపించాలి.

ప్రోగ్రాం అయ్యాక వేడి మీదున్న యాంప్‌ను వెంటనే ఎత్తి బండిలో పెట్టకండి, కేబుళ్లు చుట్టేలోపు కాస్త చల్లారుతుంది. కొరియర్‌లోనో రైలు పార్సిల్‌లోనో పంపాల్సి వస్తే ఎంత మంచి క్లిప్పునూ నమ్మొద్దు. ట్యూబులు తీసి, ఏది ఏ సాకెట్‌దో రాసిపెట్టి, విడిగా మెత్తగా చుట్టి పంపండి.