మహమ్మారి వేళ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స

రోగి మాట్లాడగలిగే స్థితిలో ఉండగానే, వెంటిలేటర్ విషయంలో ఆయన అభీష్టమేమిటో, తన తరఫున ఎవరు నిర్ణయించాలో అడిగి కేస్ షీట్ మొదటి పేజీలోనే రాయాలి. ఊపిరి అందని దశలో ఈ ప్రశ్న వేయడం క్రూరత్వమే.

ఆయాసానికి తలవైపు మంచం ఎత్తాలి. అప్పటికీ తగ్గకపోతే, ఓపియాయిడ్లు (మార్ఫిన్ వంటి బలమైన నొప్పి నివారణ మందులు) అలవాటు లేని పెద్దలకు వైద్యులు సాధారణంగా నోటి ద్వారా 2.5 నుంచి 5 మిల్లీగ్రాముల మార్ఫిన్‌తో మొదలుపెడతారు. వృద్ధులకు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మరింత జాగ్రత్తగా తగ్గించి ఇవ్వాలి, మలబద్ధకం రాకుండా విరేచనకారిని తోడు చేయాలి. మామూలు రోజుల్లో మేలు చేసే చేతి ఫ్యాన్‌ను, గాలి ద్వారా సోకే వ్యాధి ఉన్న వార్డులో వాడకపోవడమే మంచిది.

కుటుంబానికి రోజూ ఒకే వ్యక్తి, చెప్పిన వేళకే ఫోన్ చేయాలి. వీడియో కాల్‌కు ముందు రోగి ముఖం తుడిచి, గొట్టాలు కనిపిస్తాయని వారికి ముందుగానే చెప్పాలి.