కొబ్బరి ఈనెతో ఆక్సిజన్‌ను చూపించడం

"ఆక్సిజన్ మండుతుంది" అని ఏటా మా తొమ్మిదో తరగతిలో సగం మంది పరీక్షలో రాసేవాళ్లు. అది మండదు, వేరేవి మండడానికి తోడ్పడుతుంది. బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఈ తేడా వాళ్లకు ఎక్కలేదు. కళ్లతో చూశాక ఇక మర్చిపోలేదు. దీనికి ల్యాబ్ అక్కర్లేదు.

మందుల షాపులో గాయాలు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ అడగండి. సీసా మీద "20 వాల్యూమ్" అని ఉండాలి. ఒక మిల్లీలీటరు ద్రవం నుంచి 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుందని దాని అర్థం. పాతబడితే బలం తగ్గుతుంది, తారీఖు చూసి కొనండి.

పొడవాటి గాజు గ్లాసులో 20 మిల్లీలీటర్లు పోసి, సగం పచ్చి బంగాళదుంపను సన్నగా తరిగి వేయండి. నురగ బుసబుసా పొంగుతుంది. దుంపలోని కెటలేజ్ అనే ఎంజైమ్ (జీవకణాల్లో రసాయన చర్యను వేగంగా జరిపించే ప్రొటీన్) పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఒకసారి ఓ పాప ఇంటి నుంచి ఉడికించిన దుంప తెచ్చింది. నురగే రాలేదు! వేడికి ఎంజైమ్ పాడైపోయింది. అప్పటినుంచి రెండు గ్లాసులూ పక్కపక్కనే పెడుతున్నాను.

గ్లాసు మీద స్టీలు మూత వదులుగా పెట్టి రెండు నిమిషాలు ఆగండి. బిరడా బిగించిన సీసాలో మాత్రం ఎప్పుడూ చేయకండి, పగులుతుంది. ఆక్సిజన్ గాలి కన్నా కొంచెం బరువు కాబట్టి గ్లాసులోనే నిలుస్తుంది.

ఆ రెండు నిమిషాల్లో నేను ప్రీస్ట్‌లీ అనే శాస్త్రవేత్త కథ చెప్తాను. 1774 ఆగస్టు 1న ఇంగ్లండ్‌లో ఆయన పాదరసపు ఎర్ర భస్మాన్ని భూతద్దంతో ఎండలో వేడి చేసి ఈ వాయువునే పట్టాడు. అందులో కొవ్వొత్తి మహా ధాటిగా మండింది. స్వీడన్‌లో షీలే అనే మరో శాస్త్రవేత్త అంతకుముందే దీన్ని తయారుచేశాడు, కానీ ఆయన పుస్తకం 1777లో గానీ అచ్చుకాలేదు. ఆమ్లాలన్నిటిలో ఇదే ఉంటుందనుకుని ఫ్రెంచి శాస్త్రవేత్త లవోజియే "ఆమ్లాన్ని పుట్టించేది" అనే అర్థంతో దీనికి ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. మన పాత పుస్తకాల్లోని "ఆమ్లజని" ఆ పేరుకు తెలుగే. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదని తర్వాత తేలింది, పేరు మాత్రం ఉండిపోయింది.

ఇప్పుడు ఎండిన కొబ్బరి ఈనె వెలిగించి, మంట ఊదేయండి. కొసన నిప్పు కణిక మిగలాలి. మూత జరిపి లోపలికి దించండి. నురగకు తగిలితే చుయ్యిమని ఆరిపోతుంది, జాగ్రత్త. కణిక ఒక్కసారిగా ధగధగా మెరిసి మంట అంటుకుంటుంది. బయటికి తీసి, ఊది, మళ్లీ దించండి. ఈనె మళ్లీ వెలుగుతుంది, గ్లాసులోని వాయువు మాత్రం అంటుకోదు. "మండింది ఏది?" అని అప్పుడు అడగండి, జవాబు పిల్లల నోటే రానివ్వండి.

జడలు వెనక్కి కట్టించండి, ద్రవం కళ్లలో పడకుండా చూడండి. అయ్యాక నీళ్లు కలిపి పారబోయండి, దుంప ముక్కలు ఎవరూ తినకూడదు.