యూవీ వేయగానే ఫ్రీక్వెన్సీ పెరుగుతోందా? ముందు ఖాళీ క్రిస్టల్ పెట్టి చూడండి

సమస్య: క్యూసీఎం అంటే కంపించే క్రిస్టల్‌తో సన్నటి పొరలను తూచే పరికరం; బరువు తగ్గితే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. అందులో బంగారు పూత ఉన్న 5 మెగాహెర్ట్జ్ క్వార్ట్జ్ క్రిస్టల్ మీద అజోబెంజీన్ (కాంతి పడితే ఆకారం మార్చుకునే అణువు) పొర, పైన నీళ్లు. 365 నానోమీటర్ల ఎల్‌ఈడీ వేయగానే ఫ్రీక్వెన్సీ ఏడెనిమిది హెర్ట్జ్ పెరిగింది, డిస్సిపేషన్ (కంపనం శక్తి కోల్పోయే తీరు) తగ్గింది. "పొరలోంచి నీళ్లు బయటికి పోతున్నాయి" అని నోట్‌బుక్‌లో రాసేస్తారు.

అనంతపురంలో మా ల్యాబ్‌లో నేనూ అదే రాశాను. మూడు నెలల తర్వాత ఒకరోజు పొర వేయని క్రిస్టల్ పెట్టి అదే లైటు వేస్తే, అచ్చం అదే గ్రాఫు వచ్చింది. ఆ మూడు నెలల పనీ పోయింది.

కారణం: వేడి. బంగారం మెరుస్తుంది కాబట్టి వెలుతురంతా తిప్పికొడుతుందనుకుంటాం. ఎర్రటి కాంతికైతే నిజమే. యూవీని మాత్రం సగానికి పైగా తనే పీల్చుకుంటుంది. దాన్ని ఆనుకున్న నీళ్లు వేడెక్కుతాయి. 25 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ పెరిగితే నీటి చిక్కదనం సుమారు 2 శాతం తగ్గుతుంది. నీళ్లు తగిలినందుకే ఆ క్రిస్టల్ దాదాపు 700 హెర్ట్జ్ దిగి ఉంటుంది. ఆ దిగుడు చిక్కదనం వర్గమూలాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అందులో ఒక శాతం, అంటే 7 హెర్ట్జ్, వెనక్కి వస్తుంది. ఫ్రీక్వెన్సీ మార్పును బరువుగా మార్చే సావర్‌బ్రే సూత్రంలో వేస్తే చదరపు సెంటీమీటరుకు 124 నానోగ్రాములు పోయినట్టే! తెర మీద ఉష్ణోగ్రత కదలలేదని ధైర్యపడకండి. అది క్రిస్టల్ ముఖం మీద కొలిచింది కాదు.

తేల్చుకోవడం ఇలా. లైటు తీవ్రత సగం చేయండి. వేడి అయితే పెరుగుదల కూడా సగమవుతుంది. అజోబెంజీన్ అయితే నెమ్మదిగానైనా దాదాపు అదే చోటికి చేరుతుంది. తర్వాత లైటు ఆపండి. వెంటనే దానంతట అదే దిగిపోతే వేడే. మామూలు అజోబెంజీన్ చీకట్లో మునుపటి ఆకారానికి తిరిగి రావడానికి గంటలు పడుతుంది, నీలి కాంతి వేస్తే త్వరగా వస్తుంది.

పరిష్కారం: ప్రతి ప్రయోగానికీ అదే కిటికీ, అదే దూరం, అదే తీవ్రతతో ఖాళీ క్రిస్టల్ రన్ ఒకటి చేసి, అందులో వచ్చిన మార్పును అసలు రన్ అంకెల్లోంచి తీసేయండి. లైటు తగ్గించి ఎక్కువసేపు వేయండి. అంకెలు లైటు ఆపి, బేస్‌లైన్ (మార్పేమీ లేనప్పటి గీత) నిలిచాకే తీసుకోండి.

గ్రాఫు ఎగిరెగిరి పడుతుంటే బుడగలు. మే నెలలో ఫ్రిజ్ నీళ్లు నేరుగా పంపుకు పెడతారు, అవి సెల్‌లో (క్రిస్టల్ ఉండే అరలో) వేడెక్కి గాలి వదులుతాయి. గాలి తీసేసిన నీళ్లే వాడండి. కరెంటు పోయి ఏసీ ఆగితే బేస్‌లైన్ జారుతుంది, ఆ రన్ వదిలేయండి. బంగారు పూత లేచిపోవడం, ఓ-రింగ్ ఒత్తిడి అరుదు. క్రిస్టల్ మార్చి చూస్తే చాలు.