జీడితోటలో దిగే ముందు ఎలుగు జాడ చూడడం ఎలా

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎలుగు మనుషుల కోసం వెతుక్కుంటూ రాదు. దానికి చూపు మందం, పుట్ట తవ్వుతూ ఉంటే అలికిడి కూడా పట్టించుకోదు. మనమేమో జీడి కొమ్మల కింద నడుం వంచి జీడి పిక్కలు ఏరుతుంటాం. పది అడుగుల దూరంలో రెండు తలలూ ఒక్కసారే పైకి లేస్తాయి. దాడులు ఎక్కువగా జరిగేది ఇలాగే. అందుకే అది రాత్రి ఎక్కడ తిన్నదో, ఎటు పోయిందో, ఇప్పుడు ఎక్కడ పడుకుని ఉండవచ్చో తోటలో దిగకముందే నేల చూసి చెప్పగలగాలి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఇసక నేల ఈ పనికి బాగా కలిసొస్తుంది.

సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు ఎండు కొబ్బరి కమ్మ ఒకటి లాగుతూ దారి మీద ఇసక సాపు చేయండి. దారి తోటలోకి తిరిగే చోట, గెడ్డ (వాగు) దాటే చోట, బోరు దగ్గర నీళ్లు నిలిచే చోట చేస్తే చాలు. ఒక్కొక్కటి రెండు బారల పొడవు ఉండాలి. వెడల్పులో మాత్రం గట్టు నుంచి గట్టు దాకా కమ్మ తగలాలి, పక్కన అడుగు మేర వదిలినా జాడ దొరక్కపోవచ్చు. పొద్దున ఏడున్నర లోపే వచ్చి, జాడ మీకూ సూర్యుడికీ మధ్య ఉండేలా నిలబడి చూడండి. ఏటవాలు ఎండకు నీడ పడి గోటి గుంటలు కూడా తేలతాయి. పది గంటలకు అదే జాడ మీద నుంచి నడిచిపోయినా తెలియదు.

ఎలుగు జాడకు వేళ్లు ఐదు, దాదాపు ఒకే వరసలో ఉంటాయి. ముందు కాలి గోళ్లు మూడు నాలుగు అంగుళాలు ఉంటాయి కాబట్టి వాటి గుంటలు వేళ్లకు బాగా ముందు పడతాయి. వెనక కాలి జాడ చెప్పుల్లేని మనిషి పాదంలా ఉంటుంది, చాలామంది మోసపోయేది అక్కడే. కుక్క, నక్క, హైనా జాడల్లో నాలుగు వేళ్లే. పందిది గిట్ట.

జాడ ఏ వేళదో చెప్పడానికి మంచు సాయపడుతుంది. కొమ్మల నుంచి రాలిన మంచు చుక్కల గుంటలు జాడ లోపల కూడా ఉంటే అది చుక్కలు రాలకముందు నడిచింది. జాడ ఆ గుంటల్ని తొక్కుకుంటూ పోయి, అంచులు పదునుగా ఉంటే తెల్లవారుజామున నడిచింది. అంటే అది దగ్గర్లోనే ఎక్కడో పడుకుని ఉందనుకుని మసలుకోవాలి.

స్కేలు పెట్టి ముందు పాదం వెడల్పు కొలిచి రాసుకోండి. పెద్ద మొగది 80 నుంచి 145 కిలోలు, ఆడది 55 నుంచి 95 కిలోలు తూగుతుంది, కాబట్టి మరీ వెడల్పు పాదం మొగదే అయ్యుంటుంది. మధ్యరకం కొలతతో మాత్రం ఆడా మగా తేల్చకండి. ఆ కొలత పనికొచ్చేది రోజూ వచ్చేది ఒకటేనా, రెండున్నాయా అని తెలుసుకోవడానికి. మొగది ఒంటరిగా చాలా దూరం తిరుగుతుంది. ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా పిల్లల తల్లి. పిల్లలు డిసెంబరు, జనవరి నెలల్లో పుట్టి, రెండు మూడు నెలలకు బయటికి వస్తాయి. సరిగ్గా మన పిక్కల కాలం అదే. ఆ వయసులో తల్లి వాటిని వీపు మీద మోస్తుంది. ఇసకలో చిన్న జాడ లేదు కాబట్టి పిల్లలు లేవని ధైర్యం చేయవద్దు. మార్చి నుంచి మే దాకా కనబడిన జాడ మరీ వెడల్పుది కాకపోతే, దాన్ని పిల్లల తల్లిదిగానే లెక్క కట్టాలి.

ఇసక లేని మెట్ట మీద పుట్టలు చూడాలి. ఎలుగు పుట్టను కూలదోయదు, గొట్టంలా లోతుగా తవ్వి మూతి పెట్టి చెదలు పీలుస్తుంది. ఆ పీల్చే చప్పుడు రాత్రిపూట చాలా దూరం వినిపిస్తుంది. గుంత చుట్టూ చెదలు ఇంకా తడి మట్టి పూస్తూ ఉంటే తవ్వి ఎంతోసేపు కాలేదు. మట్టి ఎండి గట్టిపడితే పాతది. పెంటలో రేగు, నేరేడు, రేల గింజలు కనబడితే ఏ చెట్టుకు అలవాటు పడిందో తెలుస్తుంది. తడిగా మెరుస్తూ ఈగలు ముసిరితే వెనక్కి తిరగండి, పొద్దెక్కాక నలుగురితో రండి. పనస మాను మీద నిలువు గీతలు కూడా చూడాలి. గీతలో పాలు కారుతూ ఉంటే కొత్తది.

జాడ దొరికింది కదా అని దాని వెంట పోకండి, ముఖ్యంగా మొగలి డొంకల్లోకి. పగలు అది పడుకునేది అలాంటి చోటే. డొంక చుట్టూ దూరంగా తిరిగి, లోపలికి పోయిన జాడకు బయటికి వచ్చిన జాడ ఉందో లేదో చూడండి. లేకపోతే అది లోపలే ఉంది. చూసి తీరాలనుకుంటే సాయంత్రం డాబా ఎక్కి, సూర్యుణ్ణి వీపుకు పెట్టుకుని, ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే 8×42 బైనాక్యులర్ మోచేతులు గోడకు ఆనించి పట్టుకుని డొంక అంచు మెల్లగా వెతకండి. నల్లని ముద్ద కదిలే దాకా ఓపిక పట్టాలి.

గాలి సంగతి చాలామంది మరిచిపోతారు. ఎలుగుకు చూపు తక్కువైనా ముక్కు గొప్పది. మన వాసన ముందుగా తగిలితే చాలాసార్లు తనే తప్పుకుంటుంది. వేసవి తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది, మధ్యాహ్నం తిరిగి సముద్రం నుంచి వస్తుంది. కాబట్టి పొద్దున పడమటి గట్టు నుంచి తూర్పుకు, సాయంత్రం తూర్పు నుంచి పడమటికి ఏరుకుంటూ పోవాలి. కొబ్బరాకులు హోరెత్తే రోజున మాటలు వినబడవు, ఆ రోజు కర్రతో రేకు డబ్బా కొడుతూ కదలాలి. కుక్కను వదిలి తీసుకుపోవడం ప్రమాదం. అది ఎలుగును లేపి మళ్లీ యజమాని కాళ్ల దగ్గరికే పరుగెత్తుకొస్తుంది, ఎలుగు దాని వెనకే వస్తుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు అసలే వద్దు.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు పిక్క తీసేసిన జీడిపండ్లు చెట్టు కిందే పోగేయడం. రెండో రోజుకు పులిసి ఆ వాసన తోటంతా కమ్ముతుంది. ఏ రోజు పండు ఆ రోజే తీసేసి, మనుషులు మసలే చోటికి దూరంగా గొయ్యి తీసి మోకాలి లోతున పూడ్చండి. పనస ముగ్గకముందే కోసేయండి, రాలినవి వదలకండి. ఉచ్చులు, కరెంటు తీగలు పెట్టకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుగు మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. పైగా ఆ తీగకు మన పశువులూ మనుషులూ కూడా పోతారు.

దూరంగా కనబడితే పరుగెత్తకుండా, దానివైపే చూస్తూ వెనక్కి జరగండి. చెట్టెక్కినా లాభం లేదు, అదీ ఎక్కుతుంది. మీద పడితే బోర్లా పడుకుని రెండు చేతులూ మెడ వెనక అల్లుకుని ముఖం నేలకు ఆనించాలి. ఎక్కువ గాయాలు తలకూ ముఖానికే అవుతాయి. ఎవరికైనా దెబ్బ తగిలితే 108కు చేయండి. జాడ కొత్తదైతే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, చోటు, వేళ, పోయిన దిక్కు అటవీ శాఖ బీట్ ఆఫీసరుకు చెప్పండి. పక్క తోటల వాళ్లకు ఆ కబురు అంతకంటే ముందే అందాలి.