మీరు అల్లే భాషకు ఒక గతం కూడా అల్లండి

కల్పిత భాష చేద్దామని కూర్చున్నవాళ్లలో చాలామంది ముందు పదాల పట్టిక మొదలుపెడతారు. ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు తమ మాట. నీళ్లు, నిప్పు, అమ్మ, చెట్టు... రెండు మూడొందల మాటలు అయ్యేసరికి విసుగొస్తుంది. అప్పటికి తయారైంది ముసుగేసుకున్న తెలుగే కాబట్టి విసుగు రావడం సహజం. నేను పట్టిక జోలికి చివర్లోగానీ వెళ్లను. ముందు ధ్వనులు, తర్వాత ఒక్క వాక్యం, ఆ తర్వాత ఆ వాక్యాన్ని కొన్ని తరాలపాటు అరగదీయడం. ఈ మూడో పనిలోనే అసలు ఆనందం ఉంది.

ఒకటి మాత్రం ముందే తేల్చుకోండి. ఈ భాష ఎందుకు? 1887లో జామెన్‌హాఫ్ అనే వైద్యుడు ఎస్పెరాంతో అనే కల్పిత భాషను ప్రచురించారు, ఎవరైనా త్వరగా నేర్చుకోవాలన్నదే ఉద్దేశం. అందుకే అందులో నామవాచకాలన్నీ 'ఒ'తో ముగుస్తాయి, వ్యాకరణంలో మినహాయింపులు పెట్టలేదు. 2001లో వచ్చిన టోకి పోనా అనే భాష సుమారు 120 మాటలతోనే బతుకంతా చెప్పగలమా అని చూస్తుంది. క్లింగాన్ 'స్టార్ ట్రెక్' సినిమాల్లోని గ్రహాంతరవాసుల భాష కాబట్టి దాన్ని తయారుచేసిన భాషావేత్త మార్క్ ఓక్రాండ్ అందులో కర్మను ముందు, క్రియను మధ్యలో, కర్తను చివర పెట్టారు. మనుషుల భాషల్లో ఈ వరుస చాలా అరుదు. నేను ఇక్కడ చెప్పేది మాత్రం ఒక జాతి తరతరాలుగా మాట్లాడుతూ వచ్చినట్టు అనిపించే భాష గురించి.

నా భాష పేరు లెరుసి. హల్లులు పదే: క, త, ప, మ, న, స, ర, ల, వ, య. అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ, అన్నీ హ్రస్వాలే. పది హల్లులు మరీ తక్కువ అనుకోకండి, హవాయి భాష ఎనిమిదితో నడుస్తోంది. ఒక భాష చెవికి ఎలా వినిపిస్తుందన్నది దాదాపు అంతా మీరు వదిలేసిన ధ్వనుల మీదే ఆధారపడి ఉంటుంది. గ, డ, ద, బ, ఒత్తులు, ట, ళ, ణ తీసేయగానే తెలుగు ఛాయ సగం పోయింది.

తర్వాత ఏ ధ్వని పక్కన ఏది రావచ్చో రాసుకోండి. లెరుసిలో ప్రతి అక్షరానికీ ఒక హల్లు, ఒక అచ్చు ఉండాలి, చివర కావాలంటే 'న్' రావచ్చు. సంయుక్తాక్షరాలు లేవు. అంటే 50 అక్షరాలు, 'న్' కలిపితే 100. రెండక్షరాల మాటలే పదివేలు చేసుకోవచ్చు. మాటలు చాలవేమోనని టెన్షన్ పడక్కర్లేదు. మన లిపి కూడా ఇక్కడ బాగా కలిసొస్తుంది, రాస్తూనే అక్షరాలు లెక్కపెట్టుకోవచ్చు.

ఇక వాక్యం. చిన్నది చాలు: గుట్ట మీద పిల్ల కూర్చుంది. ఈ నాలుగు మాటలే మిమ్మల్ని ప్రశ్నల మీద ప్రశ్నలు అడుగుతాయి. క్రియ ఎక్కడ వస్తుంది? 'మీద' అన్నది విడి మాటా, ప్రత్యయమా? ఆడపిల్లా, మగపిల్లాడా అని క్రియ చెప్పాలా? ఇక్కడ ప్రపంచ భాషల తీరు కొంచెం తెలిసి ఉంటే మంచిది. క్రియ చివర వచ్చే భాషల్లో 'మీద, లో' లాంటివి నామవాచకం తర్వాత రావడం మామూలు. క్రియ ముందొచ్చే అరబీ, ఐరిష్ లాంటి వాటిలో అవి నామవాచకానికి ముందుంటాయి. కాదని చేయొచ్చు, కానీ తెలిసి చేయండి.

నేను క్రియను తెలుగులోలాగే చివర ఉంచేశాను. తేడా ఇంకోచోట పెట్టాను. మన 'వచ్చాడట'లో 'అట' ఉంది చూశారా, విన్నమాట అని చెబుతుంది. మనకు అది ఐచ్ఛికం. లెరుసిలో తప్పనిసరి. క్రియ ఎవరు చేశారో చెప్పదు, మీకెలా తెలిసిందో చెబుతుంది. కళ్లతో చూస్తే -ర, వింటే -వు, ఆనవాళ్లను బట్టి ఊహిస్తే -మి. సుమి అంటే పిల్ల, మక అంటే గుట్ట, పొన అంటే కూర్చోవడం. చోటు చెప్పడానికి చివరి అచ్చు తీసి ఇ పెడతాం. సుమి మకి పొనర: పిల్ల గుట్ట మీద కూర్చుంది, నేను చూశాను. అడుగుజాడలు మాత్రమే కనిపిస్తే సుమి మకి పొనమి.

ఇంతవరకు బాగానే ఉంది, కానీ మరీ శుభ్రంగా ఉంది. చాలామంది ఇక్కడ సహజంగా కనిపించాలని అక్కడొకటి ఇక్కడొకటి మినహాయింపులు చల్లుతారు. దయచేసి ఆ పని చేయకండి. నిజమైన భాషల్లో మినహాయింపులు ఒకప్పుడు నడిచిన నియమాల గుర్తులు. తెలుగు పాలు, పులి, పువ్వు కన్నడంలో హాలు, హులి, హూవు. ఎవరో కూర్చుని ఒక్కో మాటా మార్చలేదు, మాట మొదట్లో 'ప' వరసగా 'హ' అయిపోయింది. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రచయిత టోల్కీన్ తన కథల్లోని ఎల్ఫులనే జాతి భాషలను ఇలాగే చేశారు. ఒకే పాత భాష నుంచి వేర్వేరు ధ్వని మార్పులతో క్వెన్యా, సిందారిన్ విడిపోయాయి. కాబట్టి ఇప్పుడు రాసుకున్న దాన్ని పాత లెరుసి అనుకోండి. దాని మీద రెండు మూడు మార్పులు నడపండి.

నా మొదటి మార్పు: 'ఇ' ముందున్న 'క' కాస్తా 'స' అవుతుంది. అంతే, మక అంటే గుట్ట, మసి అంటే గుట్ట మీద. ఇప్పుడు నేర్చుకునేవాడికి ఇది తిక్కగా కనిపిస్తుంది, మనకు ఇల్లు-ఇంట్లో, ఏరు-ఏట్లో ఉన్నట్టు. భాష పేరూ అలా వచ్చిందే: లెరుక అంటే నోరు, లెరుకి నోట్లో, అరిగి లెరుసి.

రెండో మార్పు: మాట చివరి 'ఎ' కాస్తా 'ఇ' అవుతుంది. ఇక్కడ వరస చాలా ముఖ్యం. తుకె అంటే పడవ, పడవలో అంటే తుకి. మొదటి మార్పు ముందు జరిగితే పడవలో తుసి అవుతుంది, పడవ తుకెగానే ఉండి తర్వాత తుకి అవుతుంది. తేడా మిగిలింది. వరస తిప్పి చూడండి. తుకె ముందే తుకి అయిపోతుంది, ఆపైన రెండూ కలిసి తుసి అవుతాయి. పడవా తుసి, పడవలోనూ తుసి!

ఇలాంటిది తగిలితే వెనక్కి తీసుకోకండి, జనం ఏం చేస్తారో ఆలోచించండి. కలిసిపోయిన చోట ఏదో ఒక మామూలు మాట తెచ్చి అడ్డుపెడతారు. వలు అంటే పొట్ట. తుసి వలు, పడవ పొట్ట, అంటే పడవలో. ఇంకో రెండు తరాలకు అదే తుసివ అని కుదించుకుపోతుంది, కొత్త ప్రత్యయం పుడుతుంది. తెలుగులో 'పాలు విరిగిపోయాయి' అంటాం, పాలు ఎక్కడికీ పోలేదు. 'పోవు' తన అర్థం వదిలేసుకుని పని పూర్తయిందని చెప్పే ముక్కగా మారింది. వ్యాకరణం చాలావరకు ఇలాగే తయారవుతుంది. నేను మొదటి వరసను లెరుసికి ఉంచి, రెండోదాన్ని నదికి అవతలి గట్టు యాసకు ఇచ్చాను. ఒక పని పెట్టుకుంటే రెండు యాసలు దొరికాయి.

పదాల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. వాక్యం అడిగినప్పుడు చేయండి. ప్రతి తెలుగు మాటకూ ఒక్కటే జోడీ పెట్టకండి. మన 'పచ్చ' ఆకుకూ సరిపోతుంది, పసుపుకూ సరిపోతుంది. మీ భాషలో గీతలు ఇంకోచోట గీయండి. ఫైల్లో మాత్రం నాలుగు గడులు పెట్టుకోండి: ఇప్పటి రూపం, పాత రూపం, అర్థం, ఆ మాట పుట్టిన వాక్యం. పాత రూపం రాసుకోకపోతే ఆర్నెల్ల తర్వాత ధ్వని మార్పులు ఏ మాటకు తగిలించారో, దేనికి మర్చిపోయారో తెలియదు. ఫోన్లో చదివి రికార్డు చేసుకోండి. నోరు ఎక్కడ తడబడుతుందో అక్కడే తర్వాతి ధ్వని మార్పు దాగి ఉంటుంది.

పరీక్షకు కథలకంటే వంట పద్ధతి, కొట్లాట బాగా పనికొస్తాయి. ఆజ్ఞలు, ప్రశ్నలు, కాదు-లేదు అన్నీ బయటికొస్తాయి. లెరుసిలో ఆజ్ఞకు ఏ ప్రత్యయం పెట్టాలో నేను ఆలోచించనే లేదు, ఇంకా జరగని పనిని చూశాననీ విన్నాననీ అనలేం కదా. కాబట్టి వట్టి క్రియే ఆజ్ఞ: పొన, కూర్చో. ఆ నియమం ఉచితంగా వచ్చింది. చిక్కంతా వ్యతిరేకార్థంతోనే. పిల్ల కూర్చోలేదు అనాలంటే, జరగనిదాన్ని చూశానని చెప్పాలా, ఊహించానని చెప్పాలా? లెరుసివాళ్లు -మి వాడతారని ప్రస్తుతానికి రాసుకున్నాను. అవతలి గట్టువాళ్లు ఒప్పుకోవడం లేదు, వాళ్లు -ర అంటున్నారు.