ఉగాదికి కంప్యూటర్ దులిపే ముందు

గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉగాదికి ఇల్లు దులిపే మనవాళ్లు అదే చేత్తో కంప్యూటర్ మూత కూడా విప్పేస్తారు. ఎండలు ముదరకముందే శుభ్రం చేసుకోవడం మంచిదే. మా దుకాణానికి వచ్చేవారికి చెప్పే జాగ్రత్తలు ఇవి.

– ముందుగా ఫొటోలు, పత్రాలు వేరే హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించుకోండి.

– స్విచ్ కట్టేస్తే చాలదు, ప్లగ్గు పీకాలి. ఆపై పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి.

– బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపండి. గిర్రున తిరగనిస్తే బేరింగు పాడవుతుంది. ఆ చప్పుడు పిల్లలకు సరదాయే గానీ, కొత్త ఫ్యాను కొనేది మీరే! ఫ్యాను కింద లోహపు రేకుల మధ్య దుమ్ము పాత పరుపులోని దూదిలా అట్టకట్టి ఉంటుంది. మెత్తని కుంచెతో మెల్లగా లాగండి. తడిగుడ్డ వద్దే వద్దు.

– పవర్ సప్లై డబ్బాను విప్పకండి. ప్లగ్గు తీసినా లోపల కరెంటును నిల్వ ఉంచుకునే కెపాసిటర్లు షాక్ కొట్టగలవు.

– ల్యాప్‌టాప్ అడుగు ఉబ్బితే బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించండి. ఛార్జింగ్ ఆపి దుకాణానికి తీసుకురండి.

– విండోస్ 10కి మామూలు మద్దతు (భద్రతా అప్‌డేట్లు వగైరా) 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఎలాగూ పని పెట్టుకున్నారు కాబట్టి, మీ యంత్రం విండోస్ 11కి సరిపోతుందో లేదో చూపించుకోండి.

– సాయంత్రం ఉరిమితే ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ తీగనూ ఊడదీయండి.