ఏడిపించకుండా ఎక్సర్‌సైజ్ చేయించడం ఎలా

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకో చెడ్డ పేరుండేది. నేను గదిలోకి అడుగుపెడితే చాలు, పిల్లలు ఏడుపందుకునేవారు. అప్పట్లో ఒక పెద్ద ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేసేదాన్ని. ఒక్కో బిడ్డకి ఇరవై నిమిషాలు, బయట పొడుగాటి క్యూ. తల్లిని బయట కూర్చోబెట్టి, బిడ్డని బల్ల మీద పడుకోబెట్టి, కాళ్ళు సాగదీసి పంపేసేదాన్ని. "ఏడవనీ అమ్మా, ఊపిరితిత్తులకి మంచిదే" అని సీనియర్లు చెప్పే మాటే నేనూ చెప్పేదాన్ని. పదిహేడేళ్ళయింది. ఇప్పుడు ఖమ్మంలో పూర్తిగా పిల్లలతోనే పని. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎందుకు తప్పో ముందే చెప్పేస్తాను. సెరిబ్రల్ పాల్సీ అంటే ఎదిగే మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు కష్టమయ్యే స్థితి. అది ఉన్న పిల్లల్లో చాలామందికి కండరాలు బిగుసుకుని ఉంటాయి. ఆ బిగుతు రోజంతా ఒకేలా ఉండదు. భయపడితే పెరుగుతుంది, ఏడిస్తే పెరుగుతుంది, చలేసినా పెరుగుతుంది. గబుక్కున లాగితే మరీనూ. ఏడుస్తున్న బిడ్డ కాలు సాగదీయడమంటే ఒక చేత్తో తలుపు తోస్తూ రెండో చేత్తో గడియ పెట్టడమే. పైగా మనం కదిపితే కాలు కదులుతుంది గానీ బిడ్డకి పెద్దగా ఏమీ రాదు. తనకి తానుగా కావాలనుకుని, తప్పు చేసి, మళ్ళీ ప్రయత్నించి చేసిన కదలికే నిలుస్తుంది. భయపడ్డ పిల్ల ప్రయత్నించదు.

ఒక బాబు గురించి చెప్తాను. 31 వారాలకే పుట్టాడు. నా దగ్గరికి తెచ్చేసరికి రెండున్నరేళ్ళు. రెండు కాళ్ళూ బిగుసుకుపోయి, పట్టుకుంటే మునివేళ్ళ మీద నిలబడేవాడు. నా తెల్లకోటు చూడగానే అమ్మ మెడ గట్టిగా కరుచుకున్నాడు. కోటు తీసేసి, ఆరడుగుల దూరంలో నేల మీద పక్కకి తిరిగి కూర్చున్నాను. నాలుగు స్టీలు డబ్బాలు ముందు పెట్టుకుని, ఎవరి మూత ఎవరికి పడుతుందో తేల్చుకోలేనట్టు తప్పుగా పెడుతూ, తీస్తూ ఉన్నాను. వాడి వంక చూడలేదు. పావుగంట గడిచింది. పెద్ద డబ్బా మీద చిన్న మూత పెట్టి "అయ్యో" అనేసరికి వాడు అమ్మ ఒళ్ళోంచి వంగి, నడుము తిప్పి, చెయ్యి చాచాడు. ఆ రోజు నాకు కావాల్సిన ఎక్సర్‌సైజ్ అదే. వాడి ఒంటి మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

ఇంట్లో మీరూ ఇలాగే మొదలుపెట్టండి. ముందు ఒళ్ళో, తర్వాత మీ పక్కన, ఆ తర్వాతే దూరం. కడుపు నిండా తిన్న వెంటనే వద్దు, నిద్రొచ్చే వేళ అసలే వద్దు. ముట్టుకునే ముందు చెప్పండి: "ఇప్పుడు కాలు పట్టుకుంటా, పది లెక్కపెట్టి వదిలేస్తా." పదికి వదిలేయండి. "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని సాగదీస్తే రేపు మీ మాట నమ్మరు. ఏ కాలు ముందు, ఏ బొమ్మతో అన్నది వాళ్ళనే ఎంచుకోనివ్వండి. ఇక చాలు అనడానికి ఒక గుర్తు నేర్పండి. మాట రాని పిల్లలకి అరచెయ్యి చూపించడం చాలు. ఆ గుర్తు చూపిస్తే నిజంగానే ఆగాలి. మొదటి వారం పది సార్లు ఆపిస్తారు, ఓర్చుకోండి. ఆపగలమని తెలిశాక అంతగా ఆపరు.

పీట మీంచి లేచి నిలబడటం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనేంత ఎత్తున్న పీట చూడండి. మొదట్లో కాస్త ఎత్తుదే మేలు, బలం వచ్చేకొద్దీ ఎత్తు తగ్గించవచ్చు. పాదాలు మోకాళ్ళ కంటే కొంచెం వెనక్కి ఉండాలి. బొమ్మని నెత్తి మీద ఊపకండి. ఛాతీ ఎత్తులో, చెయ్యి చాచినంత ముందుకి పెట్టండి. బిడ్డ వంగాలి, ముక్కు కాలివేళ్ళని దాటి ముందుకి రావాలి. అప్పుడు బొమ్మని పైకి తీసుకెళ్తే పిరుదులు వాటంతటవే లేస్తాయి. చేతులు పట్టుకుని లాగడం అందరూ చేసే తప్పు. లాగితే వెనక్కి వాలి, కాళ్ళు బిర్రబిగించి, మునివేళ్ళ మీదకి వెళ్ళిపోతారు. మీ చేతులు తుంటి దగ్గర ఉండాలి, అదీ మోయడానికి కాదు, దారి చూపడానికి. కూర్చునేటప్పుడు ధబ్బున పడనివ్వకండి. మెల్లగా దిగడమే కష్టం, కండరానికి అసలు పనీ అదే. పొద్దున ఐదు, సాయంత్రం ఐదు చాలు. పదో సెకనుకే సాయం చేయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి, ఇంకో పది మనసులో లెక్కపెట్టుకోండి.

ఈ బాబు వాళ్ళమ్మ ఆ పనిని వంటతో కలిపింది. కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు ఐదు సార్లు లేవాలి. ఆలోచన బాగానే ఉంది గానీ విజిల్ వినపడగానే వాడు ఉలిక్కిపడి కర్రలా బిగుసుకుపోయేవాడు. ఇలాంటి పిల్లల్లో ఉలికిపాటు ఎక్కువ. పీటని హాల్లోకి మార్చారు, పని సాఫీగా నడిచింది.

పిక్కలు సాగదీయడం వేడినీళ్ళ స్నానం తర్వాత చేయండి. నూనె రాసే అలవాటుంటే ఇంకా మంచిది, ఒళ్ళు అప్పటికే వదులుగా ఉంటుంది. మడమని మీ అరచేతిలో ఇముడ్చుకుని, బిడ్డ పాదం మీ ముంజేతికి ఆనేలా పట్టుకోండి. ముందు మోకాలు వంచి ఉంచండి. మడమని కిందకి లాగుతూ ముంజేత్తో పాదాన్ని పైకి మెల్లగా వంచండి, తర్వాత మోకాలు నెమ్మదిగా చాపండి. ఇక్కడ పది చాలదు, ముప్పై అని ముందే చెప్పి, ముప్పై లెక్కపెట్టే దాకా కదపకుండా పట్టుకోండి. వేళ్ళ దగ్గర పట్టుకుని తోస్తే మాత్రం మడమ కదలదు, పాదం మధ్యలో విరిగినట్టు వంగుతుంది. దీంతోనే నడక వస్తుందనుకోకండి, కీలు బిగుసుకుపోకుండా చూసుకోవడం వరకే దీని పని.

పాదాలకి స్ప్లింట్స్ (పాదాన్ని సరైన తీరులో పట్టి ఉంచే గట్టి తొడుగులు) ఇస్తే లోపల ముడతల్లేని కాటన్ సాక్సు వేయండి, మడమ పూర్తిగా వెనక్కి చేరిందో లేదో చూడండి. విప్పాక ఎర్రబడ్డ చోటు అరగంటైనా పోకపోతే చేసిన చోటికి తీసుకెళ్ళి సరి చేయించండి. "అలవాటైపోతుందిలే" అని ఓర్చుకోమంటే పిల్లలు వాటినే అసహ్యించుకుంటారు.

చిన్న బిడ్డలైతే రోజుకి నాలుగైదు సార్లు, రెండేసి నిమిషాలు బోర్లా పడుకోబెట్టండి. మెలకువగా ఉన్నప్పుడే, మీరు కనిపెట్టి ఉండగానే. నేల మీద ఏడిస్తే మీరు వెల్లకిలా పడుకుని మీ గుండె మీద వేసుకోండి. మీ ముఖం చూడ్డానికే తల ఎత్తుతారు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి వయసు లెక్కలో ఆ వారాలు తీసేయాలి, రెండేళ్ళు వచ్చేదాకా. ఈ బాబు విషయంలో అది తొమ్మిది వారాలు. డబ్ల్యూహెచ్‌ఓ 2006లో ప్రచురించిన లెక్కల్లో, మన దేశంతో సహా ఐదు దేశాల్లోని ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఒంటరిగా నడిచిన వయసు దాదాపు ఎనిమిది నెలల నుంచి పదిహేడున్నర నెలల దాకా ఉంది. నూటికి నలుగురు చేతులు, మోకాళ్ళ మీద పాకనే లేదు. కాబట్టి పక్కింటి పాపతో పోలిక ఆపండి. చక్రాల వాకర్ కొనే డబ్బు కూడా మిగుల్చుకోండి. అది నడక నేర్పదు, మెట్ల మీంచి దొర్లిస్తుంది. కెనడా 2004లోనే వాటి అమ్మకం నిషేధించింది.

కొన్నిటికి మాత్రం ఆగకూడదు. తొమ్మిది నెలలకి సాయం లేకుండా కూర్చోకపోవడం, ఏడాది లోపే ఒక్క చేతినే వాడటం, ఏడాదిన్నరకి నడక రాకపోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా వచ్చిన పని పోవడం. వీటిలో ఏదున్నా డాక్టరుకి చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద, ఎదుగుదల లోపాలని ముందుగానే పట్టి చికిత్స చేసే జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రాల్లో పరీక్షలు, థెరపీ ఉచితం. బడి వయసు పిల్లలకి మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేవి.

ఇంట్లో మాటల గురించి కూడా చెప్పాలి. బిడ్డ ముందే "వీడికి నడక రాదు" అని చుట్టాలకి చెప్తుంటారు. వాళ్ళకి అన్నీ అర్థమవుతాయి. మెచ్చుకునేటప్పుడు వట్టి "శభాష్" కాకుండా చూసినదే చెప్పండి: "ఇందాక పడ్డావు, మళ్ళీ నువ్వే లేచావు." ఇక తల్లులు. "నేను కడుపుతో ఉన్నప్పుడు ఏం తప్పు చేశాను?" అని అడగని తల్లిని నేను చూడలేదు. దాని వల్ల కాదమ్మా అని ఒకసారి చెప్తే సరిపోదు, ప్రతి నెలా చెప్పాలి. ఎక్సర్‌సైజులన్నీ ఆమె నెత్తిన వేయకండి. వారానికి మూడు రోజులు నాన్న చేయించాలి. మిగతా రోజుల్లో అమ్మ అమ్మలాగే ఉండాలి కదా.

మన ఇళ్ళలో బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. ఈ బాబు నాయనమ్మ అరిసెలు వాయిదా వేస్తూ వచ్చింది, సొంతంగా నడిచాకే అని. మూడున్నరేళ్ళకి నేనే పోట్లాడాను. వెనక నుంచి పట్టుకునే స్టాండు సాయంతో వేసినవి అడుగులు కావా? అరిసెల మీద కొత్త గుడ్డ పరిచారు. స్ప్లింట్స్‌తో, స్టాండు పట్టుకుని ఏడు అడుగులు వేశాడు. నాలుగో అరిసె చితికి ముక్కలైంది, ఆ ముక్కలే నాకు కావాలని అడిగి తెచ్చుకున్నాను.

మొన్న వచ్చినప్పుడు నన్ను చాప మీద పడుకోమన్నాడు. నా మడమ రెండు చేతులతో పట్టుకుని, "ఇప్పుడు పిక్క లాగుతా, పదికి వదిలేస్తా, సరేనా?" అన్నాడు. మూడు దాకా సరిగ్గానే లెక్కపెట్టి, ఏడుకి దూకాడు. నేను అరచెయ్యి చూపించాను. వెంటనే వదిలేశాడు.